రవళి సౌండ్ సర్వీస్

ట్రాలీ ఆటో ఎనక ఎర్రరంగుతోటి
నా బిడ్డ పేరే రాయించిన:
రవళి సౌండ్ సర్వీస్, కొండమల్లేపల్లి.
ఆ కింద చిన్నగ,
పెండ్లిళ్లకు, నిమజ్జనాలకు, సకల శుభకార్యాలకు.
అప్పటికి దానికి ఏడాది గూడ నిండలే.
కుక్కర్ సీటీకి ఉలిక్కిపడుతుండె గని
పసిపిల్లలందరు పడరా, అనుకున్న.

ఇప్పుడు ఏడేండ్లు.
కొత్తబట్టల జరీ దానికి పల్లేరుకాయ.
ఊదుబత్తి ముట్టిస్తె అన్నం ముద్ద మింగది.
ఇంటినిండ చుట్టాలొస్తె
బీరువాకు గోడకు నడుమ దూరి
చెవులు మూసుకొని ఒక్కతీరుగ ఊగుతది.
"మొండిది" అన్నది మా పెద్దక్క.
నల్గొండల డాక్టరమ్మ మాత్రం నా దిక్కు జూసి
"మీరేం పని చేస్తరు?" అనడిగింది.
చెప్పిన.
రాసుకునేది ఆపింది ఆమె.

పోయినేడు సద్దులనాడు
నాలుగు బేసులు, రెండు టాపులు, బొడ్రాయి కాడ.
నేను మిక్సర్ ముందట.
రేణుక దాన్ని సంకనెత్తుకొని వచ్చింది,
పట్టులంగ, జడల బంతిపూలు.
మొదటి దెబ్బ పడ్డది.
నా బిడ్డ నోరు తెరిచింది కనబడ్డది.
అరుపు ఇనబడలే.
నేను పెంచిన సప్పుడుల
నా బిడ్డ గొంతు నాకే ఇనబడలే.
దాని చెయ్యి అదే కొరుక్కున్నది.
పండ్ల గుర్తులు పున్నమి దాక ఉండె.

ఈ ఏడు పెత్రమాస ఇంక పదిరోజులుందనంగనే
క్యాలెండర్ల సద్దుల తారీకు మీద
తంగేడుపువ్వు అతికించింది రేణుక.
రోజుకో గడి కొట్టేసుకుంట పోయింది రవళి.
ఏది ముందో ఏది ఎనకనో తెలిస్తె
దానికి సగం బుగులు తగ్గుతది.
మా అత్త అండాలు
జాకెట్టు లోపల పాత బనీను గుడ్డ ఏసి కుట్టింది.
కంకర మిషిన్ల పనిజేసే లింగస్వామిని
చెవుల డొప్పలు అడుక్కొచ్చిన.
పెద్దగైనయి. దస్తీ మడిచి పెట్టినం.

గునుగంటె పాణం దానికి.
పొడుగు లెక్కన వరుస పెడతది,
ఒక్కటి కదిలినా మళ్ల మొదటినుంచి.
రంగు అద్దితె మాత్రం ముట్టది, చేతికంటుతదని.
గందుకే మా బతుకమ్మ ఈసారి తెల్లగనే.
"ఇదేం బతుకమ్మనే, నెరిసిన తలకాయ లెక్క?"
పక్కింటామె నవ్వింది.
మా అత్త ఇననట్టే పేర్చింది.
"పొడుగుది ఇయ్యి బిడ్డా."
ఇచ్చింది.
"ఇంక జర పొట్టిది."
ఇచ్చింది.

నాలుగింటికి, పొద్దుండంగనే, మా వాకిట్ల
తల్లీబిడ్డలిద్దరే తిరిగిన్రు.
పెదవులు ఆడుతున్నయి, పాట గాలంత.
అరచేతులు కలిసేకాడికొచ్చి ఆగుతున్నయి.
రవళి తిరగలే.
కడప మీద కూసొని డొప్పలు తీసి ఒళ్లె పెట్టుకున్నది.
అయిపోయినంక "పదకొండు" అన్నది.
చుట్లు లెక్కబెట్టింది.

కిరాయి ఇడిచిపెట్టిన అంటె అబద్ధం.
బండి కిస్తీలు ఇంక పదహారు ఉన్నయి.
రాత్రికి బాక్సులు దింపిన,
ఇండ్ల దిక్కు గాదు, చెర్వు దిక్కు మొకంబెట్టి.
మొదటి అరగంట వైరే పెట్టలే.
"ఏమన్నా, కరెంటు లేదా?" అని పోరగాండ్లు.
"ఉన్నది" అన్న. "మీకు ఓపికే లేదు."
ఆ అరగంటల వట్టి చప్పట్లే.
ఎవరో ఒకామె, ఎన్నడు చూడలే,
కొంగుల కొడుకు తలకాయ దాసుకొని
మిక్సర్ కాడికొచ్చి మెల్లగ అడిగింది:
"మళ్లేడు గూడ గిట్లనే పెడతవా అన్నా, ముందుగాల?"

ఏమనాల్నో తెల్వక
ఏ వైరూ లేని గుండీ తిప్పుకుంట కూసున్న.

రాత్రి ఒంటిగంటకు, చెవుల్ల ఇంక గుయ్యిమంటుంటె,
మా గల్లీ మొదట్ల ఇంజిన్ బందుజేసి
ఇంటిదాక బండి నూకుకుంట వచ్చిన,
కండ్లముందట దాని పేరు.