పోగు తెగిన చోట

ఐసు డబ్బాలో ముక్క వచ్చింది, పెసరగింజంత.
చీటీ మీద నా చేతిరాతే: అసిరమ్మ, యాభై ఆరు, నెల్లిమర్ల.
ఆర్‌ఎన్‌ఏ ఆగదు. కాస్త వేడి తగిలితే చాలు
చెప్పాల్సింది చెప్పకుండానే చెదిరిపోతుంది.
అందుకే విజయనగరం ఎండలో
ఆస్పత్రి మెట్ల మీంచి ల్యాబు దాకా పరుగెత్తాను
పురిటి కబురు మోసే మనిషిలా.

జన్యువు ఉండటం వేరు, పలకడం వేరు.
నేను వెతికేది పలుకుని.

ముట్టుడిగిన ఏడేళ్ళకి మళ్ళీ ఎరుపు కనబడితే
ఆమె ఎవరికీ చెప్పలేదు.
పాత చీర చించుకుని,
తెల్లారకముందే చంపావతిలో ఉతుక్కుని,
మూడు వానాకాలాలు దాటించింది.
"సిగ్గు కాదమ్మా. సెలవు లేదు."

ఓపీ వరండాలో అడిగింది:
"ఏటి పురుగది? ఎప్పుడొచ్చినాది?"
ఎప్పుడో. ఇరవయ్యేళ్ళ కిందటో, ముప్ఫయ్యో.
చాలామందిలోకి వస్తుంది,
చాలామందిలోంచి చెప్పకుండానే పోతుంది.
మీలో ఉండిపోయింది.
"మా ఆయన పోయి పదకొండేళ్ళయినాది," అంది.
ఆ లెక్క ఎటు పోతుందో తెలిసి
నేను కాగితం తిరగేశాను.

వెనక ఒక సున్నా గీశాను.
ఇదీ వైరస్. ఉంగరంలా చుట్టుకున్న దారం.
దీని మీద కొన్ని మాటలుంటాయి.
అందులో ఒకటి, ఈ-టూ,
ఇంకో రెండింటి నోరు నొక్కిపట్టి ఉంచుతుంది.
ఒకనాడు ఉంగరం విరిగి మీ దారంలో అతుక్కుంది.
విరగడం సరిగ్గా ఆ ఈ-టూ దగ్గరే విరిగింది.
ఇక ఈ-సిక్స్, ఈ-సెవెన్...
అక్కడ నా తెలుగు ఆగిపోయింది.

ఆమె కాగితం తీసుకుంది.
జూట్ మిల్లు స్పిన్నింగులో ముప్ఫయ్యేళ్ళు
తెగిన పోగులు ముడేసిన వేళ్ళు
సున్నా తెగిన చోట నిలిచాయి.
"అంటే మేస్త్రీ పోనాడు.
ఒకడు బ్రేకు పీకీసినాడు.
ఇంకొకడు, పాడు సరుకు ఏరీ మనిషిని
గేటు బయటికి గెంటీసినాడు.
మిషను తిరుగుతానే ఉన్నాది."

నేను మూడు పుస్తకాల్లో చదివింది అదే.

"లాకౌటప్పుడు సైరను కోసం
సెవులు పోటెత్తీవి నాకు.
ఇప్పుడు సూడు, లోపల మూడు షిఫ్టులూ నడుస్తన్నాయి.
కూలీ లేదు."
నవ్వింది.
నవ్వకపోతే బాగోదని నేనూ నవ్వాను.

రాత్రి తొమ్మిదింటికి కరెంటు పోయి వచ్చింది.
యంత్రం మళ్ళీ మొదట్నించి.
పద్దెనిమిదో చుట్టుకే ఈ-సెవెన్ గీత లేచింది,
దాని వెనకే ఈ-సిక్స్, పందెం కట్టినట్టు.
ఉత్త నీళ్ళు పోసిన గొట్టంలో
నలభై చుట్లూ నిశ్శబ్దం, ఉండాల్సినట్టే.
ఈ-టూ గొట్టంలోనూ నిశ్శబ్దం.
అక్కడ చాలాసేపు ఉండిపోయాను.
తెర మీద రెండూ ఒకేలా, నేలకంటిన గీతలు:
ఒకటి ఎప్పుడూ ఏమీ లేనిది,
ఒకటి తెగిపోయినది.

రిపోర్టులో అడిగిన గడులు నింపాను.
కనబడింది. కనబడింది. కనబడలేదు.
ఎందుకు కనబడలేదో రాసే గడి లేదు.

సున్నా గీసిన కాగితం నా దగ్గర లేదు.
కరెంటు పెట్టించుకోడానికి విశాఖ బస్సెక్కుతూ
ఆమె దాన్ని నాలుగు మడతలేసి జాకెట్లో దోపుకుంది.
ఎందుకమ్మా అది, అన్నాను.
"వైండింగు కాడ ఆడోళ్ళకి సూపిస్తాను.
ఆళ్ళకీ సెలవు లేదు."