పలకని అక్షరం

కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవడం మానేసిన ఏడాది
నాకు యాభై రెండు.
జడ వేసుకోలేను. పై అరలో పోపులడబ్బా అందదు.
వెనక హుక్కు ఆయనే పెట్టేవాడు,
కళ్ళజోడు ముక్కు కొసకి జార్చుకుని,
పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్ళు
సీట్ల కుట్లు తనిఖీ చేసిన శ్రద్ధతో.
మంచివాడు సుదర్శనం.
ముందే చెప్పేస్తున్నాను,
తప్పు కోసం ఎవరూ ఆయన జేబులు వెతక్కుండా.

రైల్వే ఆస్పత్రి, రెండో అంతస్తు, మూల గది.
తెల్లకోటు మీద పేరు అరవంలో ఉంది.
ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో అరవం మాట్లాడుతున్నాను, చదవడం రాదు.
బస్సుల్ని నంబరుతో, కొట్లని రంగుతో గుర్తుపట్టే రకం.
"ఎళిల్," అంది ఆవిడే.
"ఎలిల్," అన్నాను.
"ఎరిల్." "ఎజిల్."
నవ్వింది. భుజం మీద వేడి కాపడం సర్దుతూ
ఎలా పలకాలో చెప్పింది:
నాలుక కొస వెనక్కి మడవాలట.
దేన్నీ తాకకూడదట.
తాకబోయి, ఆగాలట.

తాకబోయి ఆగడం
నాకేమన్నా కొత్త విద్యా?
నెల్లూరు హాస్టల్లో కాత్యాయనికి తల దువ్వుతూ
చిక్కు లేనిచోట కూడా చిక్కు తీసిన సాయంత్రాలు.
దాని పెళ్ళికి వెళ్ళి, జ్వరమొచ్చిందని
అక్షింతలు వెయ్యకుండానే బస్సెక్కిన పొద్దు.
అందరూ స్నేహం అన్నారు. నేనూ అన్నాను.
పాత ట్రంకుపెట్టె లాంటిది ఆ మాట,
ఎంత కుక్కినా మూత పడుతుంది.

ఇరవై సిట్టింగులు రాశారు.
గోడ మీద వేళ్ళని సాలీడులా పాకించమంది,
రోజుకో అంగుళం.
పద్నాలుగో రోజు ఆమె అరచెయ్యి నా రెక్క ఎముక కిందికి వచ్చి
నొప్పి అని అరవాల్సిన చోట ఆగింది.
నేను అరవలేదు.
"వలిక్కుదా?" అంది.
లేదు. నొప్పి కాదు.
ఏమిటో చెప్పడానికి నాకు రెండు భాషలూ చాల్లేదు.

ఆ మధ్యాహ్నం దిగాల్సిన స్టాపు దాటిపోయి
ఓటేరి దగ్గర దిగాను. ఎండలో నిలబడి నవ్వొచ్చింది.
వెంటనే కోపం వచ్చింది.
ఇప్పుడా? మోకాళ్ళకి నూనె రాసుకునే వయసులోనా?
మెనోపాజ్ అనుకున్నాను కాసేపు. థైరాయిడ్ అనుకున్నాను.
గోళీ ఉన్న జబ్బయితే ఎంత బావుణ్ణు అనుకున్నాను.

ఎదురింటి పిల్లకని అబద్ధమాడి ఒకటో తరగతి వాచకం కొన్నాను.
ఆ అక్షరం, చెయ్యి తీయకుండా వేసిన ముగ్గులా
తనలోకి తనే చుట్టుకుని ఉంది.
మన తెలుగులోనూ ఉండేదట ఒకప్పుడు,
శాసనాల్లో, రాళ్ళ మీద.
ఎవరూ చెరపలేదు.
పలకడం మానేశారు, అంతే.

సిట్టింగులు అయిపోయాయి. చెయ్యి లేచింది.
పోపులడబ్బా అందుతోంది. హుక్కు నేనే పెట్టుకుంటున్నాను.
మొదటిరోజు ఆయన చేతులు నా వెనక
గాల్లో కాసేపు ఖాళీగా ఆగి, పేపరు తీసుకున్నాయి.
కడుపు తరుక్కుపోయింది. అదీ నిజమే.
ఆమె నంబరు ఆవిన్ పాలకార్డు వెనక ఉంది.
చెయ్యలేదు. చేస్తానో లేదో.

రాత్రి అంట్లయ్యాక, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను వేసుకుని
ఆ రొదలో
నాలుక వెనక్కి మడిచి, దేన్నీ తాకకుండా ఆగి,
వచ్చింది.
ఆమె పేరు, సరిగ్గా, మొదటిసారి.

"వకుళా, ఎవర్ని పిలుస్తున్నావు?"
హాల్లోంచి ఆయన.

ఎవర్నీ కాదండీ అనే మాట
ఎప్పుడూ నా నోట్లో తయారుగా ఉంటుంది,
వక్కపొడిలా.

ఫ్యాను కట్టేశాను.