మన రంగు పడవ

పందొమ్మిది రోజుల గుంట వెన్నులోంచి తీసిన నీరు
గాజు గొట్టంలో పదిహేను చుక్కలు.
తేటగా ఉండాల్సింది,
బియ్యం కడిగినట్టు మసగ్గా ఉంది.

కేజీహెచ్ ల్యాబులో రాత్రి రెండు.
చాక్లెట్ రంగు పళ్ళేలు జాడీలో పెట్టి
కొవ్వొత్తి ముట్టించి మూత బిగించాను.
తన గాలి తానే తినేసి
అది ఆరిపోతుంది.
ఆ మిగిలిన గాలి కొన్ని క్రిములకి ఇష్టం.

పెట్టెలో సీసాలు. ఏ, సి, డబ్ల్యూ, వై.
ఒక్కోదానికి ఒక్కో చక్కెర చొక్కా.
పరాయి చొక్కా కనపడితే పెద్దవాళ్ళ ఒళ్ళు ఊరుకోదు,
కేకేసి వీధంతా లేపుతుంది.
పసిగుంటలకి ఆ కేక ఇంకా రాదు.

చివరి సీసా మీద రెండు పేర్లు:
మెనింజోకాకస్ బి, ఈ.కోలై కె వన్.
వేరే ఇంటిపేర్లు, వేరే పుట్టుక,
ఒకటే చొక్కా.
ఆ నూలు మనదే.
కడుపులో బిడ్డకి మెదడు అల్లుకునేటప్పుడు
నరం పక్కన నరం ఒరుసుకోకుండా జరగడానికి
పూసుకునే తీపి అది.

నల్ల కార్డు మీద చుక్కా చుక్కా కలిపి ఊపాను.
ఆ ఒక్క గడిలోనే
పాలు విరిగినట్టు విరిగింది.
స్లైడు మీద చూస్తే జంట గింజలు కావు,
గులాబి పుల్లముక్కలు.
ఈ.కోలై అని రాశాను.

తెల్లారగట్ల వరండాలో వాళ్ళ నాన్న, మైలపల్లి ఎల్లాజీ.
ఫిషింగ్ హార్బర్లో పడవలకి రంగులేస్తాడు.
"ఏటండి, ఒంట్లో కాపలా ఏటీ నేదా?"
ఉందన్నాను. ఉంది గానీ...
యాంటీబాడీ అన్నాను, సర్దుకుని సైన్యం అన్నాను,
నేవీ గోడ వైపు చెయ్యి కూడా చూపించాను.
ఆయన గోళ్ళలో నీలం గీరుకుంటూ విన్నాడు.
"మా రంగే ఏసుకొచ్చిన పడవని ఎవుడాపుతాడండి?
మావోడే అనుకుని
తాడు అందిస్తాం గదా."

పదేళ్ళుగా ఆ సీసా మీద చదువుతున్నాను.
నాకు తాడు తట్టలేదు.

మందు చొక్కా చూడదని చెప్పాను.
ఏ మందో మాత్రం పళ్ళెం చెప్పాలి, రేపటికి.
"రేపా?"
రేపే.

రిజిస్టర్లో వేలిముద్ర వేశాడు.
ఊదా ముద్ర అంచున
చిన్న నీలం పెచ్చు అంటుకుంది.
దులపబోయి
పుస్తకం మూశాను.