పత్తికొండ రేటు

రోజూ పొద్దున ఆరుకు
టమేటా రేటు టైపు చేస్తా.
రెండో నంబరు ఆడగొంతు చదువుతాది.
వీడియో ఊర్లకు పోతాది.

మొన్న కిలో అరవై.
ఈపొద్దు రూపాయి.
రెండిటికీ అదే నవ్వు.

రూపాయికి ముందు కామా పెట్టినా.
ఇంకో కామా. మూడు చుక్కలు.
ఊపిరి పీల్చినట్టే ఆగింది గానీ
మళ్ళా పెండ్లిపత్రిక చదివినట్టే పలికింది.

వేలంపాట మద్దిలేటికి
గొంతు పోయి మూడేండ్లు.
నా భుజం మీంచి ఇని, ఇని,
ఫోను దగ్గరికి లాక్కున్న్యాడు.
"రూపాయి" అన్న్యాడు, ఉత్త గాలితో.

సగం వినపడలే.
ఆడ గంపలు బోర్లిస్తాండే సుంకులమ్మ
చెయ్యి ఆపి ఇట్ల తిరిగింది.

ఆ సగానికి అచ్చరాలు ఎతుకుతాండా.
లారీవోళ్ళు హారన్ కొడతాండారు.