పదికి ఆరు

టాలిన్‌లో డిసెంబరు, మూడున్నరకే చీకటి.
ఉర్వె కప్పులో కాఫీ మీగడ కట్టింది.
పొద్దున్నే సమీక్ష అచ్చుకెళ్ళాలి.

"కెమెరా గోడల్లో ఇరుక్కుంటుంది.
నిచ్చెన మూడుసార్లకోసారి మోసం చేస్తుంది.
కథ, నీళ్ళు కలిపిన పాలు."
రాసినవన్నీ నిజాలే.

నాలుగేళ్ళు ఒక్కడే కూర్చుని
ఈ ఆట అల్లినవాడు తార్తులో ఉంటాడట.
జాలిపడి మార్కులెయ్యకూడదని
ఆమె పెట్టుకున్న నియమం.

ఆరు వేసింది.
కొట్టేసి ఏడు.
మళ్ళీ ఆరు.

రాయనిది ఒకటుంది.
మొన్న రాత్రి లైట్‌హౌస్ మెట్ల మీద
తన బొమ్మను కూలేసి
చెయ్యాల్సిన పనులన్నీ గాలికొదిలి
రేకుల మీద వాన వింటూ
నలభై నిమిషాలు
ఒక్క మీటా నొక్కలేదు.

పట్టికలో దానికి గడి లేదు.
గ్రాఫిక్స్, ధ్వని, నిడివి, వెల.

"ధ్వని: బాగుంది" అని రాసి
దీపం ఆర్పింది.