ఐదు గోళ్ళు

రాత్రి పదకొండున్నరకి దస్తగిరమ్మ రేకు తలుపు కొట్టింది.
"పండుకున్నావా? లెయ్. నీ చెయ్యి కావాల."

ఆమె చెయ్యి పెద్దది.
ముప్పై ఏళ్ళు సిమెంటు తట్టలు మోసి
వేళ్ళు కణుపుల దగ్గర చెరుకుగడల్లా లావెక్కాయి.
నాది పార్లర్ చెయ్యి,
మారతహళ్ళిలో రోజుకి పన్నెండు మంది గోళ్ళు దిద్దే చెయ్యి.
నిన్ననే నా గోళ్ళకీ జెల్ వేయించింది మేడం,
వచ్చేవాళ్ళు చూసి ముచ్చటపడాలని:
లేత గులాబీ, కొసల్లో మెరుపు.

హొరమావు దాటాక, అపార్ట్‌మెంట్ గోడ వెనక,
ఇంకా ఎవరూ ఇల్లు కట్టని సైట్లో మా షెడ్లు.
వాన. మాకు కరెంటు లేదు.
గోడ అవతల లిఫ్టులకి కూడా ఉంది.

గోనెల మీద పక్కకి పడి ఉంది మేక.
దాని పేరు మెట్రో,
స్తంభానికి గొయ్యి తవ్విన రోజు పుట్టిందని.
తొలిచూలు.
సాయంత్రం నించీ నేల గీరుతోందట,
తన కడుపుని తనే తిరిగి చూసుకుంటోందట.
ఉమ్మనీరు పోయి గంట దాటింది.
తోక కింద ఒక్క గిట్ట,
నానిన చిక్కుడుగింజంత తెలుపు.
రెండోది లేదు.

"రెండు కాళ్ళు, వాటి మీద మూతి,
నమాజులో వంగినట్టు రావాల బిడ్డ.
ఇదేమో ఒక కాలు మడుచుకోని కూచుంది.
ఆ గోళ్ళు తియ్."

జెల్ గోళ్ళు ఊరికే ఊడవు.
నానబెట్టాలి, ఫాయిల్ చుట్టాలి, పావుగంట ఆగాలి,
ఇంకెవరికైనా అయితే అలాగే చెబుతాను.
దస్తగిరమ్మ వక్కల డబ్బాలోంచి అడకత్తెర తీసింది.
టక్ టక్ టక్
టక్ టక్.
అంచులు నేనే గడపరాతి మీద అరగదీశాను.
మోచేతి దాకా సబ్బు, ఆపైన కొబ్బరినూనె.

లోపల ఎంత వేడో.
ఎన్ని చేతులు పట్టుకున్నానో ఇన్నేళ్ళలో,
ఏదీ నన్ను ఇట్లా పట్టుకోలేదు.
నొప్పి వచ్చినప్పుడల్లా నా మణికట్టు నలిగింది.
"నొప్పిలో తొయ్యాకు. అది ఊపిరి పీల్చినప్పుడు తొయ్."
కళ్ళు మూసుకుని వెతికాను.
ఇది నాలుక. ఇది గడ్డం కింద మెత్తన.
ఇది మోకాలా, మడమా?
"కీళ్ళు రెండూ ఒకే పక్కకి వంగుతాండాయా?"
ఆ.
"అయితే ముందుకాలే. తలని కొంచెం వెనక్కి నెట్టి
గిట్టని అరచేతిలో దాచి తీసుకురా."
దాచి తెచ్చాను,
గాలిలో అగ్గిపుల్లని దాచినట్టు.

జారి నా ఒళ్ళో పడింది.
పసుపు జిగురు, ఒక చెవి మడత.
కదల్లేదు.

దస్తగిరమ్మ దాని ముక్కులో గడ్డిపరక పెట్టి తిప్పింది.
నోట్లో వేలు పెట్టి జిగురు లాగింది.
వెనక్కాళ్ళు పట్టి ఊపింది. మళ్ళీ ఊపింది.
మాడిన గిన్నెని తోమినంత కోపంగా గోనెతో రుద్దింది.
"తుమ్మవే, మొండిదానా!"

తుమ్మింది.

మా ఊళ్ళో తుమ్మితే ప్రయాణం ఆపుతారు.
ఇది తుమ్మి బయల్దేరింది.

రెండోది ఎవరినీ ఏమీ అడగలేదు.
మొదటిదాని బొడ్డుకి అయోడిన్ పూస్తుంటే
వెనకే వచ్చి పడింది.
పోతు.
దస్తగిరమ్మ వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టింది, బక్రీదుకి.
లెక్క అయ్యాక దాన్నే కొంగులో చుట్టుకుంది.
మెట్రో రెండింటినీ నాకింది,
మధ్యలో నా మోచేతిని కూడా.

మొదటి ధార నేలకి పిండి, చనుకట్టు మూతికి తగిలించాం.
పోతు వెంటనే అందుకున్నాడు.
తుమ్మినదానికి చప్పరించడం రాలేదు.
ముర్రుపాలలో వేలు ముంచి దాని నోట్లో పెట్టాను,
గోరు లేని వేలు.

మూడింటికి మాయ పడింది.
టార్చి వెలుగులో తిప్పి తిప్పి చూసి
కుక్కలు తవ్వకుండా లోతుగా పూడ్చి
పైన ఇటుక పెట్టింది దస్తగిరమ్మ.
ఆ సైట్లో మొదటి ఇటుక అదే.

పొద్దున పదింటికి ఒకామె వచ్చి కుర్చీలో కూచుని
"ఏదో వాసన" అంది.
కొత్త క్రీము అన్నాను.
ఐదు గోళ్ళ డబ్బు జీతంలో కోస్తానంది మేడం.
కోసుకోనీ.
చూపుడువేలిని ఎవరో ఇంకా చప్పరిస్తున్నట్టే ఉంది.
బేసిన్లో నీళ్ళు కదిపి చూశాను.
ముర్రుపాలంత వెచ్చన.
"పాదం పెట్టండమ్మా."