ఎడమ చెవి

లియెపాయాలో మంచు. గ్యారేజీ తలుపు సగమే మూసుకుంటుంది.
ముసలి వోల్వో సీటు పీకి, కార్పెట్ కింద
ఆప్టికల్ తీగ పరిచాను.
రాగి తీగలా దీన్ని మడవకూడదు,
చంటిపిల్ల చెయ్యి చొక్కాలో దూర్చినట్టు నడపాలి.
కొసన ఎర్రటి చుక్క.
అరచేతిలో పట్టి చూశాడు వాల్దిస్: "పాట ఇందులోనా?"

ఇంజిన్ తిప్పాను. ఏళ్ళుగా స్పీకర్లలో ఏడ్చిన
ఆల్టర్నేటర్ ఈల లేదు.
వెలుగుకి ఆ రొద అంటదు.

ఇక ప్రాసెసర్ పని. ఎడమ స్పీకర్ దగ్గర, కుడిది దూరం.
దగ్గరిదాన్ని కాసేపు ఆపాలి,
కాసేపంటే సెకనులో వెయ్యోవంతులు రెండు,
దూరపుది వచ్చి కలిసేదాకా.
మూడు గంటలు. టేపు, మైకు, చల్లారిన కాఫీ.
చివరికి పాడే గొంతు సరిగ్గా స్టీరింగ్ మీద నిలబడింది.

"ఎలా ఉంది?"
టోపీ తీశాడు. "ఎడమ చెవిని
ఓడ ఇంజిన్ గదిలో వదిలేశానమ్మా, ముప్పై ఏళ్ళయింది."

ముందే చెప్పొద్దూ!
ల్యాప్‌టాప్ మళ్ళీ తెరిచి
రెండు పక్కల్నీ కలిపి కుడికే పంపబోతే
చెయ్యి అడ్డం పెట్టాడు:
"ఉండనీ. అది ఆగడం తెలుస్తోంది,
ఇక్కడ."
తలుపు మీద అరచెయ్యి.

బిల్లులో ఆ మూడు గంటలూ నేను రాయలేదు.
పెన్ను తీసుకుని అతనే రాశాడు.